1967 హాంకాంగ్: వెనకాల చైనా ఉన్నా బ్రిటిష్ వాళ్ళు ఎలా నెట్టుకొచ్చారు?

బ్రోడీపేట బుల్లెమ్మ

అందరికీ నమస్తే. గుంటూరులో ఎంఏ హిస్టరీ రెండో ఏడాది చదువుతున్నాను. వచ్చే గురువారం నా సెమినార్. "వలస ప్రభుత్వాలు, రాజకీయ అల్లర్లు" అని టాపిక్ ఇచ్చారు. పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఒకడు ఎగరేసుకుపోయాడు, చీరాల-పేరాల ఇంకొకళ్ళు, రంప అయితే మొదటి రోజే అయిపోయింది. నాకేమీ మిగల్లేదు, కొంచెం స్టయిల్‌గా కూడా ఉంటుందిలే అని హాంకాంగ్ 1967 అని చెప్పేశాను. ఇప్పుడు టెన్షన్.

కథ వరకు అర్థమైంది. 1967 మే నెలలో శాన్‌పోకాంగ్ అనే చోట ప్లాస్టిక్ పూలు చేసే ఫ్యాక్టరీలో గొడవ. మే 6న పోలీసులు 21 మందిని పట్టుకెళ్ళారు. అక్కణ్ణుంచి జీతాల గొడవ కాస్తా "బ్రిటిష్ వాళ్ళు దిగిపోవాలి" దాకా పోయింది. సరిహద్దు అవతల చైనాలో మావో లేపిన సాంస్కృతిక విప్లవం మంచి ఊపు మీద ఉంది. పెకింగ్ (ఇప్పటి బీజింగ్) పత్రికలు ఎగదోస్తున్నాయి, వాళ్ళ విదేశాంగ శాఖ ప్రకటనలు ఇస్తోంది, అక్కడి కార్మిక సంఘాల సమాఖ్య ఇక్కడ సమ్మె చేసేవాళ్ళకి కోటి హాంకాంగ్ డాలర్లు పంపింది. వేసవంతా సమ్మెలు, తర్వాత బాంబులు. మొత్తం 51 మంది చనిపోయారు, అందులో 10 మంది పోలీసులు.

నాకు ఎక్కడ అడ్డం తిరిగిందంటే, అంతకు కొన్ని నెలల ముందే పక్కనున్న మకావులో ఇలాంటి గొడవే జరిగి, పోర్చుగీసు గవర్నరు మావో పటం కింద క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టాడు (1967 జనవరి 29). హాంకాంగ్‌లో మాత్రం బ్రిటిష్ వాళ్ళు అలాంటిదేమీ ఇవ్వకుండానే నిలబడ్డారు, ఇంకో 30 ఏళ్ళు, 1997లో చైనాకి అప్పగించేదాకా ఉన్నారు. మా సార్ "పోలీసు బలం, అంతే" అంటారు. నా రూమ్మేట్ "సంస్కరణలు ఇచ్చి చల్లార్చారు" అంటుంది, కానీ ఆ సంస్కరణల తేదీలు చూస్తే దాదాపు అన్నీ గొడవ అయిపోయాక వచ్చినవే. చైనా సైన్యం నడిచి వస్తే అడ్డేది ఎవరు? రాలేదెందుకు? ఇది బ్రిటిష్ వాళ్ళ గొప్పా, చైనా వాళ్ళ దయా?

లింకులు పడెయ్యకండి ప్లీజ్, మాటల్లో చెప్పండి.

లెనిన్ సెంటర్ పాతపుస్తకాలు

బుల్లెమ్మా, మీ సారు చెప్పింది తప్పు కాదు, సగం. బలం వాడారు, నిజమే. ఎప్పుడు వాడారో, ఎప్పుడు చేతులు కట్టుకున్నారో చూస్తే మిగతా సగం తెలుస్తుంది.

మే మధ్యలో గవర్నరు బంగళా గేటు ముందుకి రోజూ జనం గుంపులు గుంపులుగా వచ్చేవాళ్ళు. చేతిలో ఎర్ర అట్ట పుస్తకం, నోట్లో మావో సూక్తులు, గేటంతా పెద్దక్షరాల పోస్టర్లు. పోలీసులు వరసగా నిలబడ్డారు, అంతే. మొహం మీదకి పుస్తకం ఊపినా కదల్లేదు. ఆ పోలీసుల్లో ఎక్కువమంది చైనీయులేనమ్మా, తెల్ల ఆఫీసర్లని "తెల్ల పందులు" అంటే వీళ్ళని "పచ్చ కుక్కలు" అనేవాళ్ళు, అదీ సొంత భాషలో. అయినా నిలబడ్డారు. ఎందుకంటే మకావు కళ్ళ ముందే ఉంది. అక్కడ 1966 డిసెంబరు గొడవల్లో 8 మంది చనిపోయారు, ఆ చావులతోనే పోర్చుగీసు వాళ్ళ నోరు పడిపోయింది. హాంకాంగ్ గవర్నరు డేవిడ్ ట్రెంచ్ ఆ పాఠం చదివినవాడు. మొదటి రోజుల్లోనే తుపాకీ పేల్చి అవతలివాడి చేతికి శవాలు ఇవ్వకూడదన్నది ఆయన లెక్క అని నా అభిప్రాయం. మే 22న గార్డెన్ రోడ్డులో లాఠీలు లేచాయి, అప్పటికి ఊళ్ళో చాలామంది "ఇంకా ఎన్నాళ్ళు చూస్తారు" అని ప్రభుత్వాన్నే అడుగుతున్నారు. ఆ తేడా చూడు.

ఇందులో నాకు బాగా నచ్చే ముక్క మైకులది. బ్యాంక్ ఆఫ్ చైనా భవనం మీద లౌడ్‌స్పీకర్లు పెట్టి ఊరి నడిబొడ్డున బ్రిటిష్ వాళ్ళని తిట్టించేవాళ్ళు. ప్రభుత్వం వెళ్ళి వాటిని పీకించలేదు. దగ్గర్లోనే ఉన్న తన సమాచార శాఖ భవనం మీద అంతకంటే పెద్ద స్పీకర్లు పెట్టి అక్కడి జనం భాష కాంటనీస్‌లో నాటకాల పాటలు మోగించింది! మన ఎలక్షన్లలో ఒకే సెంటర్లో రెండు పార్టీల డీజే బళ్ళు ఎదురుపడితే ఎట్లా ఉంటుందో అట్లా. మొదటిసారి చదివినప్పుడు తెగ నవ్వుకున్నాను గానీ, ఆలోచిస్తే ఆ పని చేసినవాడు తెలివైనవాడే. పోలీసుల్ని చైనా ప్రభుత్వ బ్యాంకులోకి తోస్తే అది ఊరి గొడవగా ఉండదు, రెండు దేశాల తగువైపోతుంది.

జులై నుంచి మాత్రం పద్ధతి మారింది. 1922 నాటి ఎమర్జెన్సీ చట్టం ఒకటి ఉంది, దాని కింద వరసగా నిబంధనలు తెచ్చారు. రెచ్చగొట్టే పోస్టరు అంటిస్తే నేరం, విచారణ లేకుండా ఏడాది దాకా నిర్బంధం. వామపక్ష సంఘాల ఆఫీసుల మీద దాడులు. ఆగస్టు 4న నార్త్ పాయింట్‌లో కియు క్వాన్ మాన్షన్ అనే పెద్ద బిల్డింగ్ మీదకి పోయారు. కింద తలుపుల దగ్గరే కాదు, హెర్మిస్ అనే యుద్ధనౌక నుంచి హెలికాప్టర్లు లేపి డాబా మీద కూడా దిగారు. ఆ నెలలోనే మూడు వామపక్ష పత్రికలు మూయించి వాటి మనుషుల్ని అరెస్టు చేశారు. వాళ్ళని వదిలెయ్యమని పెకింగ్ 48 గంటల గడువు పెట్టింది, బ్రిటన్ పట్టించుకోలేదు, ఆగస్టు 22న రెడ్ గార్డులు (మావో పేరు చెప్పుకుని తిరిగే కుర్రకారు దళాలు) పెకింగ్‌లో బ్రిటిష్ దౌత్య కార్యాలయాన్ని తగలబెట్టారు. అంటే హాంకాంగ్‌లో గట్టిగా పట్టుకున్నప్పుడల్లా ఆ దెబ్బ పెకింగ్‌లో ఉన్న బ్రిటిష్ వాళ్ళకి తగిలేది. ఇక్కడ చైనా విలేకరుల్ని జైల్లో పెట్టినందుకు అక్కడ రాయిటర్స్ విలేకరి ఆంథొనీ గ్రేని ఇంట్లో బంధించి రెండేళ్ళకు పైనే ఉంచారు.

ఇక బాంబులు. చాలావరకు ఇంట్లో చుట్టినవి, జనం వాటిని "అనాసపళ్ళు" అనేవాళ్ళు. వీధుల్లో, ట్రాం పట్టాల మీద, సినిమాహాళ్ళ దగ్గర పెట్టేవాళ్ళు, వాటిలో ఎక్కువ భాగం ఉత్త డబ్బాలే, కానీ ఏది ఉత్తదో ఏది కాదో విప్పితే గానీ తెలీదు కదా. ఆగస్టు 20న నార్త్ పాయింట్‌లో 8 ఏళ్ళ పాప, 2 ఏళ్ళ తమ్ముడు వీధిలో ఆడుకుంటూ అలాంటిదాంతో చనిపోయారు. నాలుగు రోజులకి, ఆగస్టు 24న, రేడియోలో ఈ వామపక్షాల వాళ్ళని వెక్కిరిస్తూ కార్యక్రమం చేసే లామ్ బున్ పొద్దున్నే కారులో ఆఫీసుకి బయల్దేరితే, రోడ్డు పనివాళ్ళలా వేషం వేసుకున్నవాళ్ళు ఆపి పెట్రోలు పోసి తగలబెట్టారు. మర్నాడు చనిపోయాడు. అప్పటిదాకా "మనవాళ్ళే కదా, వాళ్ళ బాధలు వాళ్ళవి" అనుకున్న జనం కూడా ఆ వారంతో మొహం తిప్పేసుకున్నారు. నన్నడిగితే ప్రభుత్వాన్ని నిలబెట్టింది ట్రెంచ్ కంటే ఆ వారమే.

బెంజి సర్కిల్ బద్ధకం

పాటల స్పీకర్ల ఐడియా మా వీధి పెళ్ళి పందిళ్ళ వాళ్ళకి చెప్పకండి బాబాయ్, ఇప్పటికే నిద్ర లేదు.

కాలవగట్టు

నేను ఇరిగేషన్‌లో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయినవాణ్ణి, ఎక్కువ భాగం కృష్ణా తూర్పు డెల్టాలోనే. చరిత్ర నాకు రాదు, నీళ్ళ సంగతి వచ్చు. అమ్మాయి అడిగిన "చైనా ఎందుకు రాలేదు" అన్నదానికి జవాబు నీళ్ళలో దొరుకుతుంది, పైన పెద్దాయన దాన్ని వదిలేశారు కాబట్టి రాస్తున్నాను.

హాంకాంగ్‌లో చెప్పుకోదగ్గ నది లేదు. వాన పడితే చెరువులు నిండాలి, లేదంటే లేదు. 1963లో కరువొచ్చి నాలుగు రోజులకి ఒకసారి నాలుగు గంటలు నీళ్ళిచ్చారు. దాంతో 1964లో చైనాతో ఒప్పందం చేసుకున్నారు. తూర్పు నది (డోంగ్‌జియాంగ్) నుంచి ఏడాదికి 6.82 కోట్ల ఘనపు మీటర్లు, 1965 మార్చి నుంచి సరఫరా. మన లెక్కలో అది సుమారు 2.4 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీ నిండుగా ఉన్నప్పుడు దాదాపు 3 టీఎంసీలు ఉంటుంది, అంటే మన బ్యారేజీలో అయిదింట నాలుగొంతులు. కాలవల మీద బతికేవాళ్ళకి ఇదొక లెక్కా అనిపిస్తుంది, కానీ 37 లక్షల పైచిలుకు జనం ఉన్న రాళ్ళ దిబ్బకి అది ప్రాణం.

ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఒప్పందం ప్రకారం నీళ్ళిచ్చేది అక్టోబరు నుంచి జూన్ దాకా. జులై, ఆగస్టు, సెప్టెంబరు వానాకాలం, హాంకాంగ్ తన చెరువులతోనే గడుపుకోవాలి. 1967లో వానలు మొహం చాటేశాయి. చెరువులు అడుగంటాయి. జులై 13 నుంచి మళ్ళీ నాలుగు రోజులకి నాలుగు గంటలు. ఒకపక్క సమ్మె, ఒకపక్క కర్ఫ్యూలు, దానికి తోడు ఇది. హాంకాంగ్ ప్రభుత్వం అదనంగా నీళ్ళివ్వమని అడిగింది. అవతలినుంచి జవాబే లేదు. ఇస్తామనలేదు, ఇవ్వమనలేదు.

ఇంతవరకు చూస్తే గొంతు మీద కాలు పెట్టినట్టే ఉంది. కానీ అక్టోబరు 1 వచ్చింది, అది వాళ్ళ జాతీయ దినం కూడా. ఒప్పందంలో రాసిన రోజుకి రాసినట్టు నీళ్ళు వదిలారు.

నా ఉద్యోగంలో చివరి భూముల రైతులు, ఎగువ రైతులు కొట్టుకోవడం ఎన్ని సార్లు చూశానో లెక్క లేదు. పై ఊరివాడు మీటింగులో ఎన్ని మాటలన్నా మేము పట్టించుకునేవాళ్ళం కాదు, రాత్రి పూట లాకు దగ్గరికి పోయి షట్టరు చూసేవాళ్ళం. వంతు రోజున షట్టరు లేచిందంటే ఆ మనిషికి మనతో తెగతెంపులు చేసుకునే ఉద్దేశం లేదన్నమాట, ఎంత అరిచినా సరే. పెకింగ్ కూడా అంతే. పత్రికల్లో "లేవండి, ఊడ్చెయ్యండి" అంది. పంపు దగ్గర మాత్రం వంతు తప్పలేదు. హాంకాంగ్‌ని నిజంగా లాక్కోవాలనుకున్నవాడికి ఆ సెప్టెంబరు కంటే మంచి సమయం దొరకదు, ఒక్క నెల ఆలస్యం చేస్తే చాలు, బ్రిటిష్ వాళ్ళే ఓడలెక్కేవాళ్ళు.

బ్రిటిష్ వాళ్ళకీ ఈ బెంగ ముందునుంచీ ఉంది. ప్లోవర్ కోవ్ అని సముద్రపు పాయకి అడ్డంగా కట్ట వేసి, ఉప్పునీళ్ళు తోడేసి మంచినీళ్ళ చెరువు చేశారు. 1968లో పూర్తయింది. సముద్రాన్ని చెరువు చెయ్యడం! ఇంజినీరుగా చెప్తున్నాను, ఆ కట్ట గురించి విడిగా ఒక సెమినార్ ఇవ్వచ్చు.

బ్రోడీపేట బుల్లెమ్మ

@కాలవగట్టు అంకుల్, ఇది నాకెక్కడా తట్టలేదు, చాలా థాంక్స్. కానీ మరి జులై 8 సంగతి? షా టౌ కోక్‌లో చైనా వైపు నుంచి మెషిన్‌గన్ పేల్చి అయిదుగురు హాంకాంగ్ పోలీసుల్ని చంపారు కదా. వంతు తప్పనివాడు అలా చేస్తాడా?

లెనిన్ సెంటర్ పాతపుస్తకాలు

మంచి ప్రశ్న. షా టౌ కోక్ అంటే సరిహద్దు గీత వీధి మధ్యలోనుంచి పోయే ఊరు, చుంగ్ యింగ్ వీధి అంటారు, ఒక అరుగు చైనా, ఎదురు అరుగు బ్రిటన్. అవతలినుంచి కొన్ని వందలమంది వచ్చి రాళ్ళు రువ్వారు, ఆ తర్వాత కాల్పులు. చనిపోయిన అయిదుగురిలో ఇద్దరు పాకిస్తానీలు, హాంకాంగ్ పోలీసుల్లో అప్పట్లో మన ఉపఖండం వాళ్ళు ఉండేవాళ్ళు. చివరికి గూర్ఖా పటాలం వెళ్ళి అక్కడ చిక్కుకున్న పోలీసుల్ని విడిపించింది. పెకింగ్ పైనుంచి ఆర్డరు వేసి చేయించిన పనా, ఆ ప్రాంతపు మిలీషియా ఊపులో చేసిందా అంటే, తర్వాత ఏం జరిగిందో చూసి చెప్పాలి: చైనా సైన్యం గీత దాటలేదు. బ్రిటిష్ వాళ్ళు కూడా అవతలికి ఒక్క గుండు ఎక్కువ పేల్చి కథ పెంచలేదు, పోలీసుల్ని వెనక్కి తీసి సరిహద్దు కాపలా సైన్యానికి ఇచ్చారు.

ఆ రోజుల్లో పెకింగ్ ఒక నోరు కాదమ్మా, నాలుగు నోళ్ళు. విదేశాంగ శాఖలో కూడా రెడ్ గార్డుల గోల నడుస్తోంది. ప్రధాని చౌ ఎన్‌లై ఒకపక్క స్టేడియంలో లక్షమంది సభలో కనపడాలి, ఇంకోపక్క హాంకాంగ్ చెయ్యి జారిపోకుండా చూడాలి. చైనాకి అప్పట్లో విదేశీ మారకం ఎక్కువగా వచ్చే దారి హాంకాంగే, బియ్యం, పందులు, కూరగాయలు, నీళ్ళు కూడా అమ్మి పౌండ్లు సంపాదించుకునేది. "దూరం చూసుకుని పూర్తిగా వాడుకోవాలి" అన్నది హాంకాంగ్ మీద వాళ్ళ పాత విధానం. బంగారు గుడ్డు పెట్టే బాతుని కోసుకు తిననిది అందుకే. డిసెంబరుకల్లా బాంబులు ఆపమని చౌ చెప్పించాడంటారు, ఆగిపోయాయి కూడా.

గవర్నరుపేట కామ్రేడ్

అందరూ కలిసి బ్రిటిష్ వాళ్ళకి దండ వేస్తున్నారు, కాస్త ఆగండి.

ఆ ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీలో గొడవ పెకింగ్ నుంచి దిగుమతి అయింది కాదు. మగ కార్మికులకి పని గంటల మీద హద్దే లేదు, చిన్నపిల్లలు పనిచేసేవాళ్ళు, పోలీసుల్లో మామూళ్ళు పై నుంచి కింద దాకా. 98 శాతం చైనీయులున్న ఊళ్ళో ప్రభుత్వ కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఉండేది, దాదాపు ఎవరికీ ఓటు లేదు. 1966 ఏప్రిల్‌లోనే స్టార్ ఫెర్రీ టికెట్ అయిదు సెంట్లు పెంచినందుకు ఊరు భగ్గుమంది, దాని వెనకాల ఏ మావో ఉన్నాడు? ఒక కుర్రాడు నిరాహార దీక్షకి కూర్చుంటే మొదలైంది. అప్పుడే విచారణ కమిషన్ వేసి "కుర్రకారులో అసంతృప్తి ఉంది, ప్రభుత్వానికి జనానికి మధ్య దూరం ఉంది" అని వాళ్ళే రాసుకున్నారు. ఏడాది తిరక్కుండా ఇది. అప్పుడు మాత్రం "బయటివాళ్ళు ఎగదోశారు" అనేస్తే సరిపోతుందా?

వలస ప్రభుత్వాలన్నిటికీ ఈ మాట అలవాటు. 1942లో క్విట్ ఇండియా వాళ్ళని జపాన్‌కి తోడ్పడుతున్నారన్నారు.

1967లో జైలుకి పోయినవాళ్ళలో స్కూలు పిల్లలున్నారు. త్సాంగ్ తక్-సింగ్ అనే కుర్రాడు బడిలో కరపత్రాలు పంచినందుకు రెండేళ్ళు శిక్ష. బాంబు కాదు, కాగితం. మౌంట్ డేవిస్ దగ్గర నిర్బంధ కేంద్రంలో విచారణ లేకుండా ఎంతమందిని పెట్టారో కూడా మీ సెమినార్లో చెప్పు తల్లీ. ఆ త్సాంగే 2007లో హాంకాంగ్ ప్రభుత్వంలో హోం వ్యవహారాల కార్యదర్శి అయ్యాడు, అది వేరే కథ.

ఇంకో మాట. అదే మే నెల 25న నక్సల్బరీలో పోలీసు కాల్పులు. జులై 5న పెకింగ్ పత్రిక "భారతదేశం మీద వసంత మేఘ గర్జన" అని రాసింది. అంటే హాంకాంగ్‌కీ మనకీ ఒకే వేసవిలో ఒకే గొంతు వినిపించింది. మా తాతయ్య 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలికకి ముందు జరిగిన తెనాలి సదస్సుకి సైకిల్ మీద పోయి వచ్చినవాడు, మావో పటం పెట్టారా లేదా అని మా ఇంట్లో పండక్కి పండక్కీ తగువు జరిగేది. ఇక్కడా సరుకు నిజంగా పెకింగ్ నుంచి వచ్చిందా, పొలంలోనే ఉందా అన్నదే అసలు ప్రశ్న.

లెనిన్ సెంటర్ పాతపుస్తకాలు

కామ్రేడ్, కార్మికుల బాధల గురించి మీరు చెప్పినదంతా ఒప్పుకుంటాను, 1942లో మీ వాళ్ళు ఎటువైపు ఉన్నారో మాత్రం ఇంకో థ్రెడ్డులో మాట్లాడుకుందాం. :) హాంకాంగ్ సంగతికొస్తే, బాధ లోపలిదే, డబ్బూ ఊపూ బయటివి. రెండూ నిజమే. కానీ సమ్మె సంఘం వాళ్ళు జీతాల డిమాండ్లని వదిలేసి సాంస్కృతిక విప్లవం నినాదాలు ఎత్తుకున్నాక ఫ్యాక్టరీ కార్మికుడే వెనక్కి తగ్గాడు. కోటి డాలర్లు వచ్చినా జూన్ సార్వత్రిక సమ్మె నిలబడలేదు. సమ్మెలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగుల్ని, ట్రాముల, బస్సుల వాళ్ళని ఉద్యోగాల్లోంచి తీసేశారు, కొత్తవాళ్ళని పెట్టుకున్నారు. అది క్రూరమే.

సంస్కరణల తేదీల గురించి రూమ్మేటుకి చెప్పు: ఆడవాళ్ళ, పిల్లల పని గంటలు రోజుకి ఎనిమిదికి తగ్గించడం 1967 డిసెంబరులో మొదలై అంచెలంచెలుగా 1971కి పూర్తయింది. 1968లో పేటపేటకీ జిల్లా అధికారులని వేశారు, జనం వెళ్ళి మొర చెప్పుకోడానికి, మన తహశీల్దారు ఆఫీసులాగా అనుకో. ఉచిత ప్రాథమిక విద్య 1971, చైనీస్‌కి అధికార భాష హోదా, అవినీతి నిరోధక కమిషన్ 1974. కాబట్టి గొడవ చల్లారింది సంస్కరణల వల్ల కాదు, ఇంకోసారి రాకుండా చేసింది మాత్రం అవే. పోలీసులకి "రాయల్" అనే బిరుదు మాత్రం 1969లోనే ఇచ్చేశారు.

హాంకాంగ్ రిటర్న్

ఆలస్యంగా చూశాను. 2000ల్లో ఆరేళ్ళు అక్కడ ఉద్యోగం చేశాను, ఇప్పుడు పటమటలో ఉంటున్నాను. మేము అద్దెకున్న ఇంటి ఓనరు పెద్దావిడకి 1967లో పద్నాలుగో పదిహేనో. నా కాంటనీస్ కూరగాయల బేరం వరకే, ఆవిడ ఇంగ్లీషు నా కాంటనీస్ అంత. అయినా చేతులతో చెప్పేది.

నీళ్ళ రోజున ఇంట్లో ఉన్న ప్రతి గిన్నే, చివరికి టీ కప్పులు కూడా నింపి పెట్టేవాళ్ళట. ఆవిడ డ్యూటీ మెట్ల మీద లైన్లో బకెట్లకి కాపలా, ఎందుకంటే నాలుగు గంటల్లో పై అంతస్తులకి నీళ్ళెక్కేలోపు కింది వాళ్ళు తోడేసుకుంటారు. "బాంబులకి భయమెయ్యలేదా" అంటే, నవ్వి, చేత్తో గుండ్రంగా చూపించి "నీళ్ళు, నీళ్ళు" అంది. ఒకటి మాత్రం బాగా గుర్తుంది ఆవిడకి, బాంబుల పక్కన "తోటి సోదరులారా, దగ్గరికి రాకండి" అని చైనీస్‌లో అట్టముక్క రాసి పెట్టేవాళ్ళట. సోదరులంటారు, వీధిలో పెడతారు! ఈ మాట చెప్పినప్పుడు నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆవిడ మొహం ఎర్రబడింది.

వాళ్ళ నాన్న 1950ల్లో సరిహద్దు అవతలి చైనా రాష్ట్రం గ్వాంగ్‌డాంగ్ నుంచి పారిపోయి వచ్చినవాడు. అలాంటివాళ్ళే సగం ఊరు. 1962 కరువులో కంచె దాటి వచ్చినవాళ్ళు కొత్తగా ఉన్నారు. అవతల ఏముందో చూసి వచ్చినవాళ్ళకి "విముక్తి" అని మైకులో చెప్తే ఏం ఎక్కుతుంది? బ్రిటిష్ వాళ్ళంటే ప్రేమేం లేదు ఆవిడకి, "వాళ్ళ క్లబ్బులోకి మా నాన్నని రానివ్వలేదు" అనేది. కానీ రెంటిలో ఏది వద్దో మాత్రం స్పష్టంగా తెలుసు.

ఇంకో చిన్న సంగతి. బస్సులు, ట్రాములు తగ్గిపోతే పర్మిట్ లేని వ్యాన్లు రోడ్డెక్కాయి, జనాన్ని చేరవేశాయి. ప్రభుత్వం చూసీచూడనట్టు వదిలేసింది, 1969లో వాటికే లైసెన్సులిచ్చింది. ఇప్పుడు హాంకాంగ్‌లో కనపడే మినీబస్సులు వాటి సంతానమే. మన దగ్గర షేర్ ఆటోలు ఎక్కినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది, మనవాళ్ళకి ఏ సమ్మే అక్కర్లేకుండానే వచ్చేశాయి.

వన్‌టౌన్ వడియాలు

నాకు 67 తెలీదు గానీ 88 డిసెంబరులో బెజవాడ కర్ఫ్యూ తెలుసు. పాలకి సడలింపు ఇచ్చిన గంటలో మా అమ్మ కొంగు నెత్తిన వేసుకుని పరిగెత్తడం గుర్తుంది. ఎవరి వెనకాల ఎవరున్నారో పెద్దవాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు, మాకు పాలొచ్చాయా లేదా అన్నదే. ఆ పెద్దావిడ "నీళ్ళు, నీళ్ళు" అన్నది ఎందుకో బాగా అర్థమైంది.

బ్రోడీపేట బుల్లెమ్మ

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. సెమినార్ అక్టోబరు 1తో మొదలుపెడతాను, పంపు తిప్పిన రోజుతో. అక్కణ్ణుంచి వెనక్కి మే దాకా వస్తాను. కామ్రేడ్ గారు చెప్పిన కరపత్రాల కుర్రాణ్ణి తప్పకుండా పెడతాను, మా సార్‌కి నచ్చకపోయినా. పైన పాతపుస్తకాల గారు చెప్పిన 1922 ఎమర్జెన్సీ చట్టం గురించి వెతికితే ఇంకోటి దొరికింది: 2019 అక్టోబరులో ఆందోళనకారులు ముసుగులు వేసుకోకూడదని హాంకాంగ్ ప్రభుత్వం నిషేధం తెచ్చింది కూడా ఆ చట్టం కిందే. 1967లో ఆ చట్టం కింద దెబ్బలు తిన్న వామపక్షం వాళ్ళ పోరాట సంఘానికి అధ్యక్షుడు యూంగ్ క్వాంగ్, ఆయనకి 2001లో, అంటే చైనా చేతికి వెళ్ళాక, హాంకాంగ్ ప్రభుత్వమే తన అతి పెద్ద పతకం ఇచ్చింది. ఈ రెండూ ఒకే స్లయిడ్ మీద పక్కపక్కన పెట్టి ఏమీ మాట్లాడకుండా ఊరుకుందామనుకుంటున్నాను.

గవర్నరుపేట కామ్రేడ్

ఆ స్లయిడ్ మీద ప్రశ్నలొస్తాయి, రెడీగా ఉండు.

కాలవగట్టు

అమ్మాయ్, చార్టులో 2.4 టీఎంసీ అని రాయి, గుండ్రంగా రెండున్నర చెయ్యకు. మా ఆఫీసులో దానికే మెమో ఇచ్చేవాళ్ళు.